మూసేసిన ఫిర్యాదు

మంగళవారం పదకొండూ నలభై రెండుకు దుర్గాంబ ఫోన్‌లో నాలుగంకెలు చదివింది. పన్నెండూ ఇరవైకి హనుమాండ్లు స్తంభం మీంచి పడి చనిపోయాడు.

ఆ రెంటి మధ్యలో ఆమె తను నడిపే హాస్టల్లో అరవై నలుగురు ఆడపిల్లలకు సరిపడా బెండకాయలు తరుగుతూనే ఉంది. వంటమనిషి రాలేదు. హాలులో నేల మీద చాప వేసుకుని, ముందు కత్తిపీట పెట్టుకుని, తలా తోకా తీసి ముక్కలను పళ్ళెంలోకి తోస్తూ కూర్చుంది. అమీర్‌పేటలో ఆ సందు నిండా హాస్టళ్ళే. వాటి నిండా ఏదో ఒక కోర్సు నేర్చుకుంటూ ఉద్యోగాల కోసం చూసే పిల్లలే. పొద్దున తొమ్మిదికి నెట్ పోయింది. అప్పటినుంచి మేడ మెట్ల మీద ఎవరో ఒకరు దిగి వస్తూనే ఉన్నారు.

"ఆంటీ, పన్నెండింటికి నాకు ఇంటర్వ్యూ ఉన్నది" అంది మధులత, మూడోసారి.

"వచ్చాడమ్మా, చేస్తున్నాడు. నేనేం స్తంభం ఎక్కనా?" అంది దుర్గాంబ.

హనుమాండ్లు పదింటికే వచ్చాడు. నాలుగేళ్ళుగా ఆ సందులో నెట్ పాడైతే వచ్చేది అతనే. గోడకున్న తెల్ల నెట్ డబ్బా మూత తీసి చూశాడు. ఎర్ర దీపం వెలుగుతోంది. "డబ్బ మంచిగనే ఉన్నది మేడం. బయట తీగ తెగింది. మూల మీద స్తంభం కాడ సూస్త" అన్నాడు. సీసా పెదవులకు తగలకుండా పైకెత్తి నీళ్ళు తాగి, టైలర్ కొట్టు గోడకు ఆనించి ఉండే వెదురు నిచ్చెన భుజానికెత్తుకుని వెళ్ళాడు. ఆ నిచ్చెన ఎవరిదో ఎవరికీ తెలియదు. అన్ని కంపెనీల వాళ్ళూ దాన్నే వాడతారు.

పదకొండుంపావుకు ఒకసారి ఫోన్ చేశాడు. అప్పుడే గ్యాస్ బండ వచ్చింది. గుమ్మంలో నిలబడి బండను తూకం వేయిస్తూ, అతను చెప్పింది సగం విని, ఏదో అని పెట్టేసింది.

పదకొండూ నలభై రెండుకు మళ్ళీ మోగింది. వేళ్ళ నిండా బెండకాయ జిగురు. చిటికెన వేలితో తెర మీద నొక్కితే పలకలేదు. రెండోసారి నొక్కింది. తెర మీద జిగురు గీత పడింది.

"మేడం, మీ ఫోన్‌కు నాలుగంకెలు వచ్చినయి. జర చెప్పండ్రి."

"అయిపోయిందా?"

"కాలే మేడం. ఇప్పుడే ఎక్కుతున్న. పన్నెండు కొడితే మీరు కంప్లైంట్ ఇచ్చి మూడు గంటలు దాటిపోతది, నా పేరు మీద ఎర్రగ పడ్తది. ముందుగాల అది క్లోజ్ చేసుకుని పని చేస్త. ఇడిసిపెట్టి పోను, మీకు ఎరుకే గద."

"ఎన్నిసార్లు చేస్తావయ్యా? చేతులు జిగురుగా ఉన్నాయి. రాసుకో. ఏడు, సున్నా, నాలుగు, నాలుగు."

అంతే. మళ్ళీ కత్తిపీట ముందుకు జరుపుకుంది.

చప్పుడు పెద్దగా ఏం రాలేదు. గోతం కింద పడేసినట్టు ఒక్కసారి వినిపించింది. తర్వాత టైలర్ అరుపు. దుర్గాంబ చెప్పులు వేసుకోకుండానే వెళ్ళింది. అప్పటికే జనం మూగారు. ఒకాయన చేయెత్తి, ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. హనుమాండ్లు పక్కకు తిరిగి పడుకున్నట్టే ఉన్నాడు. నీలం చొక్కా వీపు మీద కంపెనీ పేరు తెల్ల అక్షరాల్లో చక్కగా కనిపిస్తోంది. కుడి అరచెయ్యి నల్లబడింది. చెప్పులు స్తంభం మొదట్లో ఒకదాని పక్కన ఒకటి, గుడి ముందు విడిచినట్టు ఉన్నాయి.

అంబులెన్స్ లోంచి దిగినతను మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసి, స్ట్రెచర్ దించాడు.

దుర్గాంబ చేతిలో ఫోన్ వణికింది. సందేశం. *మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించాం. హనుమాండ్లు అందించిన సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?* కింద ఐదు ఖాళీ నక్షత్రాలు, వాటి మీదుగా ఎండిన జిగురు గీత.

ఆమె తిరిగి వచ్చేసరికి మధులత మెట్ల మీద ఎదురైంది. "ఇంటర్వ్యూ అయిపోయింది ఆంటీ. ఫోన్ డేటాతోని చేసిన. మస్తు అడిగిర్రు" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

తరిగిన బెండకాయలను దుర్గాంబ ఎవరికీ వండలేదు. చెత్తబుట్టలో పోసి, చేతులు నాలుగుసార్లు సబ్బుతో కడుక్కుంది.

బుధవారం ఎనిమిదింటికల్లా వేరే ఇద్దరు వచ్చారు. వాళ్ళు నిచ్చెన వెయ్యకముందే సందులో ఫాన్లన్నీ ఆగిపోయాయి. కరెంటు ఆపారు. నలభై నిమిషాల్లో పని ముగిసింది. కరెంటు వచ్చాక డబ్బాలో పచ్చ దీపం వెలిగింది. పై అంతస్తు నుంచి "వచ్చింది! వచ్చింది!" అని కేకలు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. దుర్గాంబ డబ్బా ముందునుంచి పక్కకు జరిగింది. చిన్నపిల్లలు, వాళ్ళకేం తెలుసు అనుకుంది. వాళ్ళకు తెలుసు. నిన్న కిటికీల్లోంచి అందరూ చూశారు.

నీళ్ళ సీసా తీసుకుని స్తంభం దగ్గరికి వెళ్ళింది. ఇద్దరిలో పెద్దవాడు, నెరిసిన గడ్డం మనిషి, తెగిన తీగ ముక్కలు ఏరి సంచిలో వేస్తున్నాడు. పేరు ఓదెలు అని చెప్పాడు. అదే సంచిలో హనుమాండ్లు చెప్పులు కూడా పెట్టుకున్నాడు.

"నిన్న అతను కొంత చేశాడా?" అని అడిగింది.

"ఒక జాయింట్ ఏసిండు మేడం. మంచిగ ఏసిండు. వెంట్రుక అసొంటి గాజు తీగ అది, రెండు కొసలు కలిపి అతకాలె. అన్న చెయ్యి వణకదు." ఓదెలు తల పైకెత్తాడు. స్తంభానికి నల్ల తీగలు కట్టలు కట్టలుగా, చుట్టలు చుట్టలుగా వేలాడుతున్నాయి. "రెండోది ఏస్తుండంగ అయింది. గా కట్ట సూడుండ్రి. సగం సచ్చిన తీగలే. మూతవడ్డ కంపెనీలయి, పాత టీవీ కేబుళ్ళయి. పెట్టేటప్పుడు అందరొస్తరు, తీసేటందుకు ఎవడు రాడు. అండ్ల ఒకదానికి ఇనుప తీగ ఉన్నది. అది పోయి పైన కరెంటుకు తాకింది."

"మరి ఇవాళ ఆపినట్టు నిన్న కరెంటు ఎందుకు ఆపలేదు?"

ఓదెలు సీసా అందుకున్నాడు. హనుమాండ్లు లాగే ఎత్తి పట్టి తాగాడు.

"ఇయ్యాల మా మేనేజర్ ఫోన్ చేసిండు. నిన్న అన్న చేసిండు. గంతే ఫరక్."

"చేశాడా?"

"చేసిండు మేడం" అని, ఇంకేదో అనబోయి, ఆమె వైపు ఒకసారి చూసి, సంచి ముడి వేసుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం పంజగుట్ట ఆఫీసు నుంచి ఆ మేనేజర్ వచ్చాడు. రఘురామ్. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఒక కొత్త నెట్ డబ్బా. కూర్చోబోయే ముందు కుర్చీని చేతిరుమాలుతో తుడిచాడు.

"చాలా బాధాకరం దుర్గాంబ గారూ. మాకే అన్నం సహించట్లేదు" అన్నాడు. కాఫీ ఇస్తే పూర్తిగా తాగాడు. "ఇదీ కాఫీ అంటే. మన వైపు కాఫీ. మీది భీమవరం దగ్గరట కదా? మాది తణుకండీ. మనం మనం ఒకటే."

దుర్గాంబ ఖాళీ కప్పు తీసి పక్కన పెట్టింది. మనం అన్న మాట ఆమెకు గొంతులో వెంట్రుకలా తగిలింది.

అతను ఒక కాగితం తీశాడు. అంతా టైపు చేసి ఉంది, సంతకం చోటు మాత్రం ఖాళీ. "జరిగిందే రాశామండీ. మీరు మంగళవారం పదకొండూ నలభై రెండుకు ఫిర్యాదు పరిష్కారమైందని ధ్రువీకరించారు. అంతేగా? తర్వాత అతను స్తంభం మీద ఏం చేస్తున్నాడో మనకు తెలియదు. వీళ్ళు పక్కన వేరేవాళ్ళ పనులు కూడా చేసుకుంటుంటారు లెండి. మా పని అయిపోయాక జరిగింది కాబట్టి డ్యూటీ కిందికి రాదు. పైగా చూడండి, కరెంటు ఆపమని కనీసం ఎవరినీ అడగలేదు. అజాగ్రత్త."

"పని అవలేదు" అంది దుర్గాంబ. "అవలేదని అతనే చెప్పాడు. పాపం, అతని పేరు మీద ఎర్రగా పడుతుందంటే జాలేసి చెప్పాను."

రఘురామ్ మెల్లగా తలూపాడు, తప్పు చేసిన పిల్లను ఓదారుస్తున్నట్టు. "అలా అంటే మీరు మాకు అబద్ధం చెప్పినట్టవుతుంది కదండీ? మీకెందుకు ఆ తలనొప్పి? పోలీసులు, ఆఫీసులు. హాస్టల్ నడుపుకునేవారు."

"మీ వాళ్ళందరూ ఇలాగే ముందే అడుగుతారు. మీకు తెలియదా?"

"నాకు సిస్టంలో కనిపించేదే తెలుసండీ" అన్నాడు. ఆ మాట అతను ఎంత మామూలుగా అన్నాడంటే, అది అబద్ధం కూడా కాదని ఆమెకు అర్థమైంది. అసహ్యం వేసింది అందుకే. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట తడబడేవాడు.

ఆమె సంతకం పెట్టలేదు. అతను కోప్పడలేదు. కాగితం మడిచి బల్ల మీద ఉంచి, డబ్బాను దాని మీద పెట్టాడు. "కొత్త మోడల్ అండీ. ప్రతి అంతస్తుకూ అందుతుంది. మీ హాస్టల్‌కు ఇకనుంచి మొదటి ప్రాధాన్యం. గంటలో మనిషి ఉంటాడు."

"తీసుకెళ్ళండి."

"ఉంచండమ్మా, పర్లేదు" అని లేచాడు. వెళ్తూ గుమ్మంలో జేబులోంచి శానిటైజర్ సీసా తీసి, ఒక చుక్క పోసుకుని చేతులు రుద్దుకున్నాడు.

శుక్రవారం పదకొండింటికి ఓదెలు వచ్చాడు. వెనకాల ఒకావిడ. సన్నగా, పొడుగ్గా, నుదురు ఖాళీగా. దుర్గాంబ కుర్చీ జరిపింది. ఆవిడ కుర్చీలో కూర్చోకుండా మెట్టు మీద కూర్చుంది. హనుమాండ్లు భార్య భూలక్ష్మి అని ఓదెలు చెప్పక్కర్లేకపోయింది.

"కంపెనీల కాయితం సూపిచ్చిర్రమ్మా" అంది భూలక్ష్మి. గొంతు బొంగురు పోయి ఉంది. "పని మీద లేడంట. దొంగతనంగ వేరేటోళ్ళ పని చేసుకుంట సచ్చిండంట. పైసలొస్తయా రావా అన్నది ఎనకమాట. మా ఆయన పని ఎగ్గొట్టే మనిషి గాదు. అట్ల రాసుడు నాకు మనసుల పడ్తలేదు. పిల్లలు రేపు సదువుతరు గద అది."

ఓదెలు జేబులోంచి పగిలిన ఫోన్ తీశాడు. "అన్న ఫోన్ మేడం ఇది. మా అందరి ఫోన్లల్ల మాటలు రికార్డయితయి. కొందరు కస్టమర్లు అంకెలు చెప్పి చెప్పలేదంటరు, అందుకని పెట్టుకుంటం. ఇది మంగళారం పదకొండూ నలభై రెండుది."

నొక్కాడు. హాలులోకి హనుమాండ్లు గొంతు వచ్చింది. *ఇప్పుడే ఎక్కుతున్న.* భూలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఇంకో గొంతు, గట్టిగా, చిరాగ్గా. *ఎన్నిసార్లు చేస్తావయ్యా? చేతులు జిగురుగా ఉన్నాయి.*

దుర్గాంబ తన గొంతును ఎప్పుడూ బయటినుంచి వినలేదు. నిన్న రఘురామ్‌తో జాలి అంది. ఇందులో జాలి ఎక్కడుందా అని వెతికింది. లేదు.

"గీ గొంతు మీదే గదమ్మా?" అంది భూలక్ష్మి. "నాదే అని ఠాణల జెప్తే చాలు. పని కాలేదని ఆయనే అంటుండు గద."

"నాదే. చెప్తాను."

భూలక్ష్మి చేతులు జోడించింది. "మీరు నీళ్ళిస్తరని చెప్తుండె. గా సందుల ఒక్క మేడమే నీళ్ళిస్తదని."

దుర్గాంబ లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. అంతకుమించి ఏం చెయ్యాలో తోచలేదు. భూలక్ష్మి తాగి, వద్దంటున్నా వినకుండా, గ్లాసు కడగడానికి పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళింది.

"పదకొండుంపావుకు కూడా చేశాడు" అంది దుర్గాంబ. "అదుందా?"

ఓదెలు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఉన్నది. అది అక్కర లేదు మేడం. ఆమెకు సుత ఇనిపియ్యలే."

"నాకు వినిపించు."

అతను పెరటి వైపు ఒకసారి చూసి, మెట్ల కిందికి జరిగి, శబ్దం తగ్గించి ఆమె చెవి దగ్గర పెట్టాడు.

*మేడం, హనుమాండ్లును. గీడ ఒక ఇనుప తీగ కరెంటుకు దగ్గరగ పడ్డది. లైన్ బంద్ చేయుమని ఫోన్ చేసిన, రెండు గంటలైతదంటుర్రు. ఆగుతరా? కస్టమరే ఆగమన్నదని మీరొక్క మాట అంటే కంపెనీల ఆ మూడు గంటల గడియారం ఆపుతరు, నా మీదికి రాదు.*

*రెండు గంటలా? కుదరదయ్యా. పిల్లలు నన్ను పీక్కు తింటున్నారు. ఒకమ్మాయికి ఇంటర్వ్యూ ఉంది. ఏదో ఒకటి చెయ్యి, నీకు తెలియందా?* ఆ వెంటనే, ఇంకెవరితోనో, *ఏమయ్యా, బరువు తక్కువ చూపిస్తోందే? మళ్ళీ పెట్టు.*

*సరే మేడం. సూస్త.*

పెరట్లో కుళాయి ఆగింది. ఓదెలు ఫోన్ తీసేశాడు. అతని మొహంలో నింద లేదు. అందరు కస్టమర్లూ అలాగే అంటారని తెలిసినవాడి మొహం అది. దుర్గాంబ గోడకు చెయ్యి ఆనించింది. నిన్నటినుంచి రఘురామ్ చేతిరుమాలును, అతను కుర్చీ తుడిచిన తీరును తలచుకుంటే ఆమెకు ఒళ్ళు జలదరిస్తోంది. ఇప్పుడు ఆ జలదరింపు ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడింది.

శనివారం పొద్దున ముగ్గురూ పంజగుట్ట పోలీస్ స్టేషన్‌కు వెళ్ళారు. లోపలికి ఒక్కరే రమ్మన్నారు. భూలక్ష్మి, ఓదెలు బయట మెట్రో స్తంభం నీడన నిలబడ్డారు.

వాంగ్మూలం రాసే కానిస్టేబుల్ నడివయసు మనిషి, రాత ముద్దుగా ఉంది. దుర్గాంబ చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ పోయాడు. అంకెల దగ్గరికొచ్చాక తనే పూరించాడు. "పని కాకున్నా, జాలితోని చెప్పినరు. అంతే గద మేడం?"

"జాలి కాదు. అది కొట్టెయ్యండి."

"మరేం రాయమంటరు?"

"చేతులు జిగురుగా ఉన్నాయని, మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తున్నాడని విసుక్కుని చెప్పాను."

అతను కలం ఎత్తి పట్టుకున్నాడు. "అట్లనే రాయాల్నా?"

"అలాగే జరిగింది."

రాశాడు. కాగితం తిప్పబోతుంటే ఆమె ఆపింది. "ఇంకొకటుంది. పదకొండుంపావుకు."

చెప్పింది. ఇనుప తీగ, రెండు గంటలు, ఆపగలిగిన గడియారం, గ్యాస్ బండ. తను అన్న మాటలు వరసగా, ఒక్కటి వదలకుండా. కానిస్టేబుల్ రాయడం ఆపి విన్నాడు.

"మేడం, మొదటిది చాలు. ఆయన పని మీదున్నడని దాంతోనే తేలుతది. ఇది రాస్తే మాట మీ మీదికి సుత వస్తది."

"కరెంటు ఆపమని అతను ఎవరినీ అడగలేదని వాళ్ళు అంటున్నారు. అడిగాడు. నన్ను కూడా అడిగాడు. రాయండి."

అతను రాసి చదివి వినిపించాడు. ఆమె మూడు చోట్ల సంతకం పెట్టింది. రఘురామ్ వదిలివెళ్ళిన టైపు కాగితం కూడా సంచిలోంచి తీసి ఇచ్చింది. అతను దాన్ని చదివి, పెదవి విరిచి, పిన్ను గుచ్చాడు.

బయటికి వచ్చేసరికి భూలక్ష్మి ఎదురొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. గరుకు చేతులు, గోళ్ళ కింద పసుపు. "చెప్పినరామ్మా?"

"చెప్పాను."

"అంత చెప్పినరా?"

"అంతా రాయించాను."

"మీ మేలు మర్సిపోను. మా ఆయన సుత మనిషిని సూసే నీళ్ళు తాగిండు." ఆ చేతులు వదలలేదు. ఓదెలు రోడ్డు అవతల వైపు చూస్తున్నాడు. పదకొండుంపావు మాట చెప్పడానికి సమయం ఉంది. బస్సు ఇంకా రాలేదు. పది నిమిషాలు ముగ్గురూ అక్కడే నిలబడ్డారు. ఎండ గురించి మాట్లాడుకున్నారు, పిల్లల బడి గురించి మాట్లాడుకున్నారు. బోరబండ బస్సు వచ్చింది. భూలక్ష్మి ఎక్కి, కిటికీలోంచి మళ్ళీ చేతులు జోడించింది.

దుర్గాంబ సందులోకి వచ్చేసరికి మూల స్తంభం దగ్గర వేరే కంపెనీ మనిషి ఒకతను అదే వెదురు నిచ్చెన వేసి ఎక్కుతున్నాడు. ఫాన్లు తిరుగుతూనే ఉన్నాయి. "దిగవయ్యా, ముందు దిగు" అని కేకేసింది. అతను కిందికి చూసి, "రెండు నిమిషాలమ్మా" అన్నాడు. అతను దిగేదాకా ఆమె నిచ్చెన పట్టుకుని నిలబడింది. దిగాక అతను నవ్వి, ఇంకో ఇంటివాళ్ళకు ఫోన్ చేసి నాలుగంకెలు అడుగుతూ వెళ్ళిపోయాడు.

కొత్త డబ్బా విప్పకుండా బల్ల కింద ఉంది. తిరిగి పంపాలి. స్తంభం మీద చచ్చిన తీగలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. కంపెనీ రికార్డులో ఆ ఫిర్యాదు పదకొండూ నలభై రెండుకే మూసి ఉంది, మళ్ళీ తెరవలేదు. పదకొండుంపావుకు తానేమందో దుర్గాంబ పోలీసులకు చెప్పింది. భూలక్ష్మికి ఇంకా చెప్పలేదు.